మావయ్య బండి, వెనక బ్రేకు

శనివారం రాత్రి

మావయ్య బండి నా చేతికొచ్చింది. పాత హండ్రెడ్ సీసీ బండి, కంపెనీ పేరు ఎందుకులెండి, ఒడిశాలోని మా పర్లాకిమిడి బజార్లో కాసేపు నిలబడితే ఇలాంటివే వరసగా పోతుంటాయి. జీడిపిక్కల బేరానికి ఆయన ఆర్. ఉదయగిరి, మోహన, నువాగడ కొండలన్నీ దీని మీదే తిరిగారు. ఇప్పుడు మోకాళ్లు సహకరించక బండి నాకిచ్చేశారు. "ఇంజిన్ బంగారంరా" అన్నారు. నిజమే, ఇంజిన్‌కి వంక పెట్టడానికి లేదు. వెనక బ్రేకే పట్టట్లేదు.

పూర్తిగా లేదని కాదు. పెడల్ మీద బరువంతా వేసి తొక్కితే బండి తీరిగ్గా, బతిమాలించుకున్నట్టు ఆగుతుంది. చక్రం గట్టిగా పట్టుకోవడం అన్నది లేదు. పెడల్ చాలా లోతుకు దిగుతుంది, అడుగున మెత్తగా తగులుతుంది.

ఈ మాట ఎవరికి చెప్పినా ఒకటే సలహా: లైనర్లు మార్చెయ్. లైనర్లంటే బ్రేకు వేసినప్పుడు చక్రం లోపల రాసుకుని ఆపే అరుగుడు పొరలు. మావయ్యకి ఫోన్ చేశాను.

"ఏట్రా, మొన్న సంకురాత్రికే కదా కొత్త లైనర్లు ఏయించీసేను. ఇంకేటి మారుస్తావు?"

అంటే ఆరు నెలల క్రితం మార్చిన లైనర్లు. ఆ తర్వాత బండి పెద్దగా తిరగలేదు కూడా. వెనక బ్రేకు రాడ్ చివర బిగువు సరిచేసే అడ్జస్టింగ్ నట్ చూస్తే రాడ్ మీద మర దాదాపు చివరిదాకా వచ్చేసింది. కొత్త లైనర్లు వేసిన బండికి నట్ అంత లోపలికి పోవాల్సిన పని లేదు. ఇక్కడే ఏదో తేడా ఉంది.

ముందు బ్రేకు ఉంది కదా, వెనకది వీక్ అయితే ఏమైంది అంటారు కొందరు. తారు రోడ్డు మీద ఎండలో ఆ మాట కొంతవరకు చెల్లుతుంది. బ్రేకు వేసినప్పుడు బరువు ముందుకు వస్తుంది కాబట్టి ఆపే పని ఎక్కువగా ముందు చక్రమే చేస్తుంది. కానీ మా ఉదయగిరి ఘాటీలో వానాకాలం మలుపు దగ్గర ఎర్రమట్టి కొట్టుకొచ్చి తారు మీద పరుచుకుంటుంది. అక్కడ హ్యాండిల్ కాస్త తిరిగి ఉన్నప్పుడు ముందు బ్రేకు బిగిస్తే మనిషి కింద, బండి పైన. దిగుడులో వేగాన్ని కొద్దికొద్దిగా కోయడానికి కావాల్సింది గేరు, వెనక బ్రేకు. నాకు వారంలో ఎక్కువ రోజులు ఆ రోడ్డే.

ఆదివారం పొద్దున్న

ఏదీ విప్పకముందు ఒక లెక్క కావాలి. లేకపోతే రేపు ఏం మార్చినా "కొంచెం బాగైనట్టుంది" అనుకోవడం తప్ప ఏమీ తెలియదు.

ఊరి బయట రద్దీ లేని చోట రోడ్డుకడ్డంగా సుద్దతో గీత గీశాను. ముల్లు 30 మీద నిలిపి, గీత దగ్గర క్లచ్ పట్టి వెనక బ్రేకు ఒక్కటే పూర్తిగా తొక్కడం. ఆగిన చోటు నుంచి గీతకు టేపుతో కొలిస్తే ఇంచుమించు 21 మీటర్లు. స్పీడోమీటర్ ముల్లు నిజం వేగం కంటే కొంచెం ఎక్కువే చూపిస్తుంది గానీ, ముందూ తర్వాతా అదే ముల్లుతో పోలుస్తున్నాం కాబట్టి పర్వాలేదు.

గంటకు 30 కిలోమీటర్లంటే సెకనుకు 8.3 మీటర్లు. ఆ వేగం నుంచి 21 మీటర్లలో ఆగిందంటే ప్రతి సెకనుకూ వేగం 1.65 మీటర్ల చొప్పున తగ్గిందన్నమాట. పొడి తారు మీద వెనక చక్రం ఒక్కటే జారేదాకా పట్టగలిగితే అది 3 దగ్గరకు వస్తుంది, అప్పుడు 12 మీటర్ల లోపే ఆగాలి. అంతకంటే వెనక చక్రంతో సాధ్యం కాదు, బరువు ముందుకు పోతుంది కాబట్టి. అంటే నా బండికి రావాల్సిన దాంట్లో సగం కంటే కాస్త ఎక్కువ మాత్రమే వస్తోంది.

ఆదివారం సాయంత్రం

లైనర్ల దాకా వెళ్లకుండా పాదం దగ్గర నుంచి మొదలుపెట్టాను. మనం తొక్కే బలం పెడల్ నుంచి రాడ్‌కి, రాడ్ నుంచి చక్రం పక్కనుండే బ్రేక్ ఆర్మ్‌కి, ఆర్మ్ నుంచి లోపల తిరిగే క్యామ్‌కి, క్యామ్ నుంచి అది విడదీసే రెండు షూలకి (లైనర్లు అంటించి ఉండే వంపు ముక్కలు), షూల నుంచి చక్రంతో పాటు తిరిగే డ్రమ్‌కి పోవాలి. దారిలో ప్రతి మజిలీ కొంత మింగగలదు.

ఎక్కడ మింగుతోందో తేల్చడానికి తేలిక మార్గం ఒకటుంది. అడ్జస్టింగ్ నట్ పూర్తిగా విప్పి రాడ్‌ని ఆర్మ్ నుంచి వేరు చేయాలి. ఇప్పుడు పెడల్ ఒక పక్క, చక్రం ఒక పక్క. పెడల్‌ని చేత్తో నొక్కి వదిలితే ఠక్కున పైకి రావాలి. ఆర్మ్‌ని చేత్తో ముందుకు లాగి వదిలితే అది కూడా దానంతటదే వెనక్కి పోవాలి. ఏది బద్ధకిస్తే జబ్బు అటు ఉంది.

నాకు రెండు పక్కలా ఉంది. పెడల్ నొక్కితే కిందే కూర్చుంది, కాసేపటికి ఏదో గుర్తొచ్చినట్టు పైకి లేచింది. స్ప్రింగు బాగానే ఉంది. పెడల్ తిరిగే ఇరుసు విప్పి చూస్తే లోపల గ్రీజు అన్నది లేదు, దాని స్థానంలో ఎర్రమట్టి, తుప్పు కలిసి గట్టిపడ్డాయి. స్క్రూడ్రైవర్‌తో గీకితే పెచ్చులుగా రాలింది. ఈ ఇరుసు సరిగ్గా నేలకు దగ్గరగా, ముందు చక్రం చిమ్మే బురద వచ్చి తగిలే చోట ఉంటుంది. సర్వీసింగ్‌లో చైన్‌కి ఆయిల్ కొడతారు, కార్బురేటర్ విప్పుతారు, దీని జోలికి పోయేవాళ్లు తక్కువ.

కిరసనాయిల్లో నానబెట్టి, ఎమ్రీ పేపర్‌తో రుద్ది, కొత్త గ్రీజు పెట్టి బిగించాను. పెడల్ ఇప్పుడు వేలితో నొక్కితే దిగుతోంది. రాడ్ చివర పిన్ను అరిగి రంధ్రం కోలగా సాగింది, అది కూడా మార్చాను. చిల్లర ఖర్చు.

చీకటి పడకముందే మళ్లీ గీత దగ్గరికి వెళ్లాను. 19 మీటర్లు. రెండు మీటర్లు పెడల్ ఇరుసు దగ్గరే పోతున్నాయి. ఊరికే వచ్చాయి కదా అని సంతోషమే గానీ అసలు దొంగ ఇంకా లోపలే ఉన్నాడు.

సోమవారం

డ్యూటీ నుంచి వచ్చాక ఆర్మ్ సంగతి చూశాను. ఇక్కడ కాసేపు ఆగాల్సిన విషయం ఉంది.

బ్రేకు పట్టినప్పుడు రాడ్‌కి, ఆర్మ్‌కి మధ్య కోణం 90 డిగ్రీలకు దగ్గరగా ఉంటే లాగుడు మొత్తం తిప్పుడుగా మారుతుంది. లైనర్ అరిగేకొద్దీ ఆర్మ్ ఇంకా ఇంకా ముందుకు వాలి ఆ కోణం చెడుతుంది. నా బండికి కోణం చక్కగా ఉంది. పైకి చూస్తే ఏ తప్పూ లేదు.

ఆర్మ్ క్యామ్ ఇరుసు మీద పళ్లతో కూర్చుంటుంది. ఏ పన్ను ఎక్కడ కూర్చోవాలో తెలియడానికి ఇరుసు చివర ఒక పంచ్ మార్క్, ఆర్మ్ మీద ఒక పంచ్ మార్క్ ఉంటాయి. రెండూ ఎదురెదురుగా రావాలి. బ్రష్‌తో మట్టి దులిపి టార్చ్ వేసి చూస్తే రెండు చుక్కలూ ఒక పన్ను తేడాలో ఉన్నాయి. రాడ్ మీద మర అయిపోతుంటే ఎవరో ఆర్మ్ ఊడదీసి ఒక పన్ను వెనక్కి జరిపి బిగించారు. అప్పటికి నట్‌కి మళ్లీ చోటు దొరికింది, కోణం కూడా బాగైంది, బండి గేటు దాటింది. లోపల క్యామ్ మాత్రం తిరగాల్సిన దానికంటే ఎక్కువ తిరిగే ఉంది.

దీన్ని పట్టించేది ఆర్మ్ పక్కనే ఉండే చిన్న బాణం రేకు. ఆర్మ్‌ని ఏ పంటి మీదైనా కూర్చోబెట్టొచ్చు గానీ, ఆ రేకు లోపల ఒక పన్ను వెడల్పుగా ఉంటుంది, ఇరుసు మీద ఒకే ఒక గాడిలో దిగుతుంది. కాబట్టి దాన్ని మోసం చేయడం కుదరదు. పెడల్ పూర్తిగా తొక్కి పట్టుకుని చూస్తే బాణం మొన బ్రేక్ ప్లేట్ (డ్రమ్‌కి మూతలా ఉండే పలక) మీద ఉన్న గుర్తును దాటి పోయింది. గుర్తుకు చేరితేనే షూలు మార్చాలని అర్థం.

సంక్రాంతికి వేసిన లైనర్లు, బాణం మాత్రం అరిగిపోయాయంటోంది. మావయ్యా అబద్ధం చెప్పరు, బాణమూ చెప్పదు. విప్పి చూడాల్సిందే.

క్యామ్ ఎక్కువ తిరిగితే నష్టం ఏంటంటే, అది పలకగా ఉండే చిన్న ఇనుప ముక్క. మొదట తిప్పినప్పుడు షూలను బాగా విడదీస్తుంది. తిరిగేకొద్దీ, అదే తిప్పుడుకి షూ జరిగే దూరం తగ్గిపోతుంది. పెడల్ అడుక్కి పోతుంది, షూ మాత్రం డ్రమ్‌ని తాకీ తాకనట్టు నొక్కుతుంది. ఇంకా అరగనిస్తే క్యామ్ ఏకంగా తిరగబడి షూలు విప్పుకున్న చోటే ఇరుక్కుపోవచ్చు. ఘాటీలో చక్రం బిగుసుకుపోతే ఇంకేమన్నా ఉందా!

బుధవారం

చక్రం విప్పాను. బయట వాన, కరెంటు లేదు, ఎమర్జెన్సీ లైటు వెలుగులో.

ముందుగా బ్రేక్ ప్లేట్‌ని పట్టి ఉంచే టార్క్ రాడ్. నట్‌కి స్ప్లిట్ పిన్ లేదు, ఎవరో తీసి మళ్లీ పెట్టలేదు. ఈ రాడ్ ఊడిందంటే బ్రేకు వేసిన క్షణంలో ప్లేట్ మొత్తం చక్రంతో పాటు తిరిగిపోతుంది. పది రూపాయలు కూడా చేయని పిన్ను. ఆ తర్వాత చక్రం ఇరుసు నట్, ఇరుసు లాగడం, స్పేసర్ కింద పడకుండా పట్టుకోవడం. ఈ రకం బండ్లకు చైను, పళ్లచక్రం స్వింగ్ ఆర్మ్ మీదే ఉండిపోతాయి, చక్రం ఒక్కటే బయటికొస్తుంది. అదో సుఖం.

ప్లేట్ బయటికి తీసేముందు ముక్కుకి గుడ్డ కట్టుకున్నాను. డ్రమ్‌లో ఉండే నల్లపొడిని నోటితో ఊదడం, పంపుతో గాలి కొట్టడం మా గ్యారేజీల్లో అలవాటు. పాత లైనర్లలో, చవక లైనర్లలో ఆస్బెస్టాస్ ఉండే అవకాశం ఉంది. ఆ పొడి ఊపిరితిత్తుల్లోకి పోతే తిరిగి రాదు. తడిగుడ్డతో తుడిచి, గుడ్డని కవర్లో కట్టి పారేయడం మేలు.

లోపల చూసింది ఇది.

రెండు లైనర్లూ నడిమధ్యలో అద్దంలా మెరుస్తున్నాయి. రెండు చివర్లా మాత్రం ఫ్యాక్టరీలో కొట్టిన తెల్ల సిరా అంకెలు ఇంకా చెరగలేదు. అంటే ఆరు నెలలుగా ఆ చివరలు డ్రమ్‌ని ఒక్కసారి కూడా తాకలేదు. లైనర్ వైశాల్యంలో మూడో వంతు పని చేస్తుంటే మిగతాది ఊరికే ప్రయాణం చేస్తోంది. పని చేసే మూడో వంతు కూడా వేడికి గాజుబారింది. గోటితో గీస్తే గీత పడట్లేదు. మావయ్యకి దిగుడులో పెడల్ మీద కాలు ఆనించి ఉంచే అలవాటు, అదే కారణం అయ్యుంటుంది.

ఒక షూ అంచున చిన్న నూనె మరక. చైన్ ఆయిల్ అనుకుంటాం గానీ చైను అవతలి పక్క ఉంది, ఇటు రాదు. చక్రం బేరింగ్ దగ్గరి రబ్బరు సీలు చీలి గ్రీజు కరిగి వచ్చింది. సీలు మార్చాలి.

డ్రమ్ లోపలి అంచున, షూ తాకని చోట, ఒక గట్టు. వేలు పెట్టి లోపల నుంచి బయటికి జరిపితే టక్కున తగులుతుంది. డ్రమ్ ఎంత తినేసిందో ఆ గట్టు చెబుతుంది.

క్యామ్ పలక రెండు వైపులా షూ కూర్చునే చోట పల్లం పడింది. క్యామ్ ఇరుసు రంధ్రంలో గ్రీజు ఎండిపోయి ఉంది, అందుకే ఆర్మ్ బద్ధకించింది.

గురువారం

డ్రమ్ కొలిపించడానికి చక్రం పట్టుకుని లేత్ షాపుకి వెళ్లాను. ఒడియా ఆయన, పెద్దవారు, అందరూ ఆయన్ని మావుసా అంటారు, నేనూ అంతే. ఆయన ముందు ఆ గట్టుని అర్ధచంద్రాకారం ఆకురాయితో జాగ్రత్తగా తీసేశారు. గట్టు ఉండగా వెర్నియర్ కొలబద్ద పెడితే దాని మీదే తగులుతుంది, కొలత తక్కువ వస్తుంది. తీశాక మూడు చోట్ల పెట్టి చూశారు. 130.8, 130.8, 130.7.

కొత్త డ్రమ్ 130 మిల్లీమీటర్లు, పనికొచ్చే హద్దు 131. గుండ్రతనం పోలేదు, అదొక్కటి అదృష్టం. మొత్తంగా మాత్రం పెద్దదైపోయింది.

"లేత్ మీద పెట్టి కోస్తే నున్నగా వస్తుంది కదా మావుసా" అన్నాను.

"వస్తుంది బాబూ, కానీ హద్దు దాటిపోతుంది. అప్పుడు డ్రమ్‌తో సహా కొత్త హబ్బు కొనమని మళ్లీ నేనే చెప్పాలి" అన్నారు. డబ్బులు వచ్చే పని వద్దని చెప్పే మనిషి దొరకడం కష్టం.

పాత షూల లైనర్ మందం కూడా కొలిచాం. తాకని చివర్లలో కూడా 3.2 మిల్లీమీటర్లే. కొత్త లైనర్ 4 ఉండాలి, 2 కి వస్తే మార్చాలి. అంటే సంక్రాంతికి వేసినవి పుట్టుకతోనే పల్చన. ఎక్కడ కొన్నారో మావయ్యకి గుర్తు లేదు, డబ్బా మీద పేరు మాత్రం పెద్ద కంపెనీ పేరులానే, ఒక అక్షరం తేడాతో ఉందట.

ఇక లెక్క తేలిపోయింది. డ్రమ్ వ్యాసంలో 0.8 పెరిగితే ఒక్కో పక్క 0.4. లైనర్‌లో 0.8 తక్కువ. రెండూ కలిపితే ఒక్కో షూ కొత్త బండిలో కంటే 1.2 మిల్లీమీటర్లు ఎక్కువ దూరం నడిస్తే గానీ డ్రమ్‌ని చేరదు. మొత్తం అరుగుదలకు ఇచ్చిన హద్దే 2 మిల్లీమీటర్లు. దానికి క్యామ్ పల్లం తోడైంది. బాణం గుర్తు దాటిపోయిందంటే దాటదా మరి.

మధ్యలోనే తాకడానికీ అదే కారణం. షూ వంపు 130 డ్రమ్‌కి తగ్గట్టు ఉంది, డ్రమ్ వంపు 130.8 కి విచ్చుకుంది. చిన్న వంపుని పెద్ద వంపులో పెడితే మధ్యలోనే ఆనుతుంది. కొత్త షూలు కొని అలాగే వేసినా ఇదే కథ. లైనర్లు మార్చెయ్ అన్న సలహా పాటిస్తే డబ్బులు పోయేవి, బ్రేకు రాదు.

కంపెనీ షూలు, క్యామ్, సీలు బజార్లో అడిగాను. క్యామ్ ఇక్కడ లేదు, బరంపురం నుంచి రావాలన్నారు. పైగా రథయాత్ర రోజులు, సగం షట్టర్లు మూసి ఉన్నాయి. సరే, ఆగుదాం.

ఆదివారం, పాతపట్నం

మనది ఆగిపోయింది కదా అని బావ బండి చూడ్డానికి వెళ్లాను. పాతపట్నం వెళ్లడమంటే రాష్ట్రం దాటడమే, అయినా ఇటు టిఫిన్ తిని అటు టీ తాగేంత దగ్గర. మావయ్య కొడుకు బండికి వెనక డిస్కు. వాడి బాధ ఏంటంటే పెడల్ స్పాంజిలా మెత్తగా దిగుతోంది, రెండు మూడు సార్లు గబగబా తొక్కితే గట్టిపడుతోంది.

డ్రమ్‌కీ దీనికీ జబ్బు వేరు. గబగబా తొక్కితే గట్టిపడుతోందంటే లైన్లో గాలి ఉన్నట్టు లెక్క. ముందు ప్యాడ్లు చూశాను, మందం ఉంది. ప్యాడ్లను డిస్కు మీదికి నొక్కే కాలిపర్, అది జారే పిన్నులు కదులుతున్నాయి. బ్రేక్ ఆయిల్ మాత్రం నల్లబడి ఉంది, కొన్నప్పటి నుంచి మార్చలేదు.

ఈ ఆయిల్‌కి గాలిలో తేమ పీల్చుకునే గుణం ఉంది. డాట్ 4 రకం కొత్తది కనీసం 230 డిగ్రీల దాకా మరగదు, తేమ పట్టాక ఆ హద్దు 155 కి పడిపోతుంది. ఘాటీ దిగుతూ డిస్కు వేడెక్కితే ఆ తేమ ఆవిరై బుడగలు కడుతుంది, పెడల్ ఉన్నట్టుండి అడుక్కి పోతుంది. అందుకే రెండేళ్లకోసారి మార్చమంటారు.

పారదర్శకంగా ఉండే ట్యూబ్ ఒకటి కాలిపర్ మీద ఆయిల్ వదిలే నిప్పిల్‌కి తొడిగి రెండో కొస సీసాలో ముంచాం. బావ పెడల్ తొక్కి పట్టుకుంటాడు, నేను నిప్పిల్ కాస్త వదులు చేస్తాను, ఆయిల్ బుడగలతో వస్తుంది, నేను బిగించాకే వాడు కాలు తీయాలి. ముందే తీస్తే గాలి మళ్లీ లోపలికి.

"తీసెయ్యనా బావా?"

"నేను చెప్పేదాకా కాలు కదపకు."

పైన డబ్బాలో ఆయిల్ అడుగంటకుండా పోస్తూ ఉండాలి. ట్యాంకు మీద చుక్క పడితే పెయింటు లేస్తుంది, పడితే వెంటనే నీళ్లు పోసి కడగాలి. బుడగలు ఆగి ఆయిల్ తెల్లగా రావడం మొదలయ్యాక పెడల్ రాయిలా నిలిచింది. గంట పని. అత్త పెట్టిన చేపల పులుసు తిని ఒడిశాలో పడ్డాను.

శుక్రవారం సాయంత్రం

సామాన్లు వచ్చాయి. షూ లైనర్ కొలిచాను, 4 ఉంది. క్యామ్ పలక మొనలు పదునుగా ఉన్నాయి.

ఇప్పుడు షూ వంపుని డ్రమ్ వంపుకి తేవాలి. పల్చటి 80 నంబరు ఎమ్రీ పేపర్‌ని డ్రమ్ లోపల చుట్టూ రెండు వైపులా అంటుకునే టేపుతో అతికించాను, గరుకు వైపు పైకి. లైనర్ మీద సుద్దముక్కతో అడ్డంగా గీతలు గీసి, షూని డ్రమ్‌లో అది కూర్చునే తీరులోనే పెట్టి ముందుకీ వెనక్కీ మెల్లగా జరిపాను. తీసి చూస్తే మధ్యలో సుద్ద పోయింది, చివర్లలో ఉంది. మళ్లీ గీతలు, మళ్లీ రుద్దుడు. మధ్యలో ఎత్తు కొంచెం కొంచెం దిగేకొద్దీ సుద్ద చెరిగే మేర చివర్ల వైపు పాకుతుంది. గట్టిగా నొక్కితే షూ ఒక పక్కకు ఒరిగి పక్క అరుగుతుంది, చేతి బరువు చాలు. లైనర్ రెండు కొసలా సుద్ద మచ్చలు మచ్చలుగా చెరిగేసరికి ఆపేశాను. పూర్తిగా కొసదాకా తేవాలని రుద్దుతూ పోతే లైనర్ మందం పోతుంది, మిగతాది రోడ్డు మీద డ్రమ్మే చూసుకుంటుంది.

ఈ పని చేసేటప్పుడు కూడా గుడ్డ కట్టుకుని, పొడిని తడిపి తుడిచాను. డ్రమ్‌ని బ్రేక్ క్లీనర్ స్ప్రేతో కడిగి ఆరబెట్టాను. కిరసనాయిలు ఇక్కడికి రానివ్వకూడదు, జిడ్డు పొర వదిలిపోతుంది.

క్యామ్ ఇరుసుకి, పలకకి, షూలు రెండో పక్క ఆనే పిన్నుకి గ్రీజు. ఎంతంటే వేలికి అంటిన జిడ్డంత. ఎక్కువ పెడితే వేడికి కరిగి లైనర్ మీదకే పోతుంది. ఇరుసు చుట్టూ ఉండే ఫెల్ట్ వలయాన్ని ఇంజిన్ ఆయిల్‌లో తడిపాను, అది బయటి నీళ్లని ఆపుతుంది. బాణం రేకు వెడల్పు పన్ను దాని గాడిలో, ఆర్మ్ పంచ్ మార్క్ ఇరుసు పంచ్ మార్క్‌కి ఎదురుగా.

చక్రం ఎక్కించాక ఒక కిటుకు ఉంది, దీన్ని చాలామంది వదిలేస్తారు. ఇరుసు నట్ చేతి బిగువు మీద ఉండగానే పెడల్ గట్టిగా తొక్కి పట్టుకోవాలి. షూలు డ్రమ్‌ని నొక్కుకుని ప్లేట్‌ని సరిగ్గా మధ్యకు లాగుతాయి. కాలు తీయకుండా అప్పుడు ఇరుసు నట్ బిగించాలి. మా ఆవిడని పిలిచి పెడల్ మీద నిలబెట్టాను. "ఎంతసేపు?" అంది. "బిగించేదాకా" అన్నాను. చైను అడ్జస్టర్ గీతలు రెండు పక్కలా సమానంగా ఉన్నాయో లేదో ఈలోపే చూసుకున్నాను. టార్క్ రాడ్ నట్ బిగించి, కొత్త స్ప్లిట్ పిన్ వేసి కొనలు మడిచాను.

పెడల్ కొస దగ్గర ఖాళీ తొక్కుడు 25 మిల్లీమీటర్లు పెట్టాను. 20 నుంచి 30 మధ్య ఉండాలి. రాడ్ మీద ఇప్పుడు బోలెడు మర మిగిలి ఉంది. చక్రం చేత్తో తిప్పితే ఎక్కడా రాసుకోవట్లేదు. చివరగా స్టాప్ లైట్ స్విచ్చి సరిచేశాను. ఖాళీ మారితే లైటు వెలిగే చోటూ మారుతుంది, వెనక వచ్చే లారీవాడికి అదే ముఖ్యం.

మరో మాట. 2019 ఏప్రిల్ 1 నుంచి 125 సీసీ దాకా ఉన్న కొత్త బండ్లకు రెండు బ్రేకులూ కలిసి పనిచేసే ఏర్పాటు గానీ ఏబీఎస్ (బ్రేకు వేసినప్పుడు చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) గానీ ఉండాలన్న రూలు వచ్చింది. కలిసి పనిచేసే వాటిలో వెనక పెడల్ తొక్కితే ముందు బ్రేకు కూడా కొంత పడుతుంది. అలాంటి బండికి వెనకది ఒక్కటే సరిచేసి వదిలేయకూడదు, బండితో ఇచ్చిన పుస్తకం చూసి రెండూ సరిచేయాలి. మావయ్య బండి అంతకు ముందుది.

శనివారం

సుద్ద గీత దగ్గర మొదటిసారి 15 మీటర్లు. కొత్త లైనర్ ఇంకా ఒద్దికవ్వలేదు కాబట్టి ఇంతకన్నా ఆశించలేదు. తర్వాత ఖాళీ రోడ్డు మీద 40 నుంచి 10 దాకా వెనక బ్రేకుతో ఓ మోస్తరుగా తగ్గించడం, కాసేపు బ్రేకు ముట్టకుండా నడపడం, మళ్లీ తగ్గించడం. మధ్యలో చల్లారనివ్వకపోతే కొత్త లైనరూ గాజుబారుతుంది.

సాయంత్రానికి 12 మీటర్ల చిల్లర. చివర్లో చక్రం కాస్త జారి టైరు వాసన వచ్చింది. ఇంక పిండుకోవడానికి వెనక చక్రంలో ఏమీ లేదు.

సోమవారం

ఉదయగిరి ఘాటీ, వానలో. దిగుడు మొదలయ్యే చోటే మూడో గేరు, బాగా వంపు ఉన్న చోట రెండు. ఇంజిన్ పట్టి ఉంచుతుంటే పెడల్‌తో చిన్న చిన్న నొక్కుళ్లు, వదలడం. ఎర్రమట్టి మలుపులో ఎక్కడ తగ్గాలనుకున్నానో అక్కడ తగ్గింది.

ఒక చోట రోడ్డు మీద నుంచి గెడ్డ పారుతోంది, చక్రం సగం మునిగింది. అవతలికి వెళ్లాక మొదటి తొక్కుడికి బ్రేకు పలకలేదు. డ్రమ్‌లో నీళ్లు పోతే ఏ బండైనా అంతే. నెమ్మదిగా పోతూ పెడల్ తేలిగ్గా ఆనించి కొంతదూరం నడిపితే ఆరిపోయి మళ్లీ పట్టింది.

కింద ఆగి హబ్బు మీద చెయ్యి పెట్టి చూశాను. గోరువెచ్చగా ఉంది, కాలట్లేదు. షూలు విడిచిపెట్టాల్సినప్పుడు విడిచిపెడుతున్నాయి.

నెలాఖరు

షూలు డ్రమ్‌కి ఒదిగాయి, అడ్జస్టింగ్ నట్ ఒక చుట్టు బిగించాల్సి వచ్చింది. తొక్కి పట్టుకుని చూస్తే బాణం గుర్తుకి చాలా దూరంలో ఉంది. ఆ చోటు పెయింటు చుక్కతో గుర్తు పెట్టాను. ఇకమీదట చక్రం విప్పకుండానే ఎంత అరిగిందో తెలుస్తుంది.

డ్రమ్‌లో మిగిలింది 0.2 మిల్లీమీటర్లే. ఈ షూలు అయ్యేసరికి హబ్బు కూడా అయిపోతుంది, అప్పుడు కొత్త హబ్బు కొని స్పోకులు మళ్లీ అల్లించాలి. రిమ్ములు బాగా సాపు చేసే మనిషి బరంపురంలో ఉన్నాడని మావుసా చెప్పారు, నంబరు రాసుకున్నాను.

మావయ్య వచ్చి ఒక రౌండు వేసి, బండి దిగి, "మరీ గట్టిగా పట్టీస్తోందిరా, కొంచెం లూజు చెయ్" అన్నారు. చెయ్యలేదు. వచ్చేవారం ముందు బ్రేకు కేబుల్ మార్చాలి, పైన లివర్ దగ్గర నాలుగైదు పోగులు తెగి కనిపిస్తున్నాయి.